కుడిపక్క పైకి కుట్టిన పన్నెండు అంగీలు

జపాన్‌లో ఏడాది పొడుగునా పండగలుంటాయట. వనపర్తిలో అవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం గంటన్నరలో అయిపోయాయి. కొత్త సంవత్సరంతో మొదలుపెట్టి, దయ్యాన్ని గింజలతో కొట్టి, బొమ్మలకు దండం పెట్టి, గుడ్డ చేపల్ని ఎగరేసి, వెదురుకు చీటీలు కట్టి, చచ్చిపోయిన పెద్దల్ని పిలిచి పంపించి, పట్టపగలు థర్మకోల్ చంద్రుణ్ణి చూసి, తలా ఒక సమోసా తిని ఇంటికి పోయాం. నేను ఆ ఫంక్షన్ హాల్లో రెండో వరసలో కూర్చున్నాను. పిల్లలు తొడుక్కున్న పన్నెండు జపాన్ అంగీలు కుట్టింది నేనే కాబట్టి మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెడ మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

గద్వాలలో కోట వెనక సందులో నాకు కుట్టు దుకాణం ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలే కుడుతున్నాను. నా చేతిపనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. నా నోటికి మాత్రం వంక పెట్టనివాళ్ళు లేరు. చెయ్యి జర పొడుగు పెట్టమ్మా అని ఎవరైనా అంటే, కత్తెర వాళ్ళ చేతికిచ్చి "నువ్వే కుట్టుకో మరి" అంటాను. ఆ మాట తరవాత ఎవరూ నోరెత్తరు. నోరెత్తకపోతే నేను చెప్పిందే సరైనదని నాకో లెక్క. ముప్పై ఏళ్ళు అదే లెక్కతో బతికాను, మంచి తెలివి.

పన్నెండు మందిలో ఒకతె మా చెల్లెలి బిడ్డ. చెల్లెలిది ఆత్మకూరు దగ్గర ఊరు, కౌలుకు చేస్తారు. పిల్ల పది పాసయినాక చదువుకని నా దగ్గరికి వచ్చింది, ఇంటర్, నర్సింగు అన్నీ ఇక్కడి నుంచే. నాకు పిల్లల్లేరు. పెంచింది నేనే, తిట్టింది నేనే. గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో నాలుగేళ్ళ నుంచి నర్సుగా చేస్తోంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి వనపర్తి పోయి జపాన్ భాష నేర్చుకునేది. అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమాల్లో పనిచేసేందుకు మన నర్సుల్ని తీసుకుంటున్నారని ఎవరో చెప్పారట.

మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు నేను మిషన్ ఆపకుండానే మూతి విరిచాను.

"ముసలోళ్ళకు ముడ్డి కడగనీకి సముద్రం దాటిపోతవా? ఇక్కడ ముసలోళ్ళు లేరా?"

"ఉన్నరు పెద్దమ్మా. ఇక్కడ దాన్ని పని అనరు. అక్కడ అంటరు."

మా అమ్మ ఆఖరి ఏడాదంతా మంచంలోనే ఉంది. వీపు పుండ్లు పడకుండా, ఇంట్లో ఉన్నంతసేపూ గంట గంటకూ ఆమెను పక్కకు తిప్పింది ఈ పిల్లే. దవాఖాన నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినకముందే అమ్మ పక్క చూసేది. చుట్టాలొచ్చినప్పుడు "మనవరాలు మంచిగ చూసుకుంటుంది" అన్నారే గానీ, అదొక పని అని, అది వచ్చినవాళ్ళు చెయ్యాలని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అమ్మ పోయినప్పుడు కూడా స్నానం చేయించి చీర కట్టింది అదే. ఇదంతా గుర్తొచ్చినా నేను "సరే పో, నీ ఇష్టం" అని విసుక్కున్నాను తప్ప మంచి మాట ఒక్కటి అనలేదు.

ఆ తరగతులు నడిపే మనిషిని అందరూ జపాన్ సార్ అంటారు. ఆయన జపాన్ మొహం చూడలేదు. అంతకుముందు అదే గదుల్లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాడు, అంతకుముందు కానిస్టేబుల్ పరీక్షలకు కోచింగ్ ఇచ్చేవాడు. గోడ మీద అప్పటి పరుగు పరీక్షకు ఉరికే మనిషి బొమ్మ ఇంకా ఉంది. దాని పక్కన ఇప్పుడు ప్లాస్టిక్ పూల కొమ్మ ఒకటి వేలాడదీశారు. మనిషిని చూస్తే వంగి వంగి దండం పెడతాడు. ఆ వంగుడేంటో జపాన్ మర్యాదట. మాట మాత్రం మన దగ్గరి గొర్రెల బేరగాడిదే. పాఠం చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి కంప్యూటర్ తెర మీద వచ్చేది. ఆమె నిజంగా చదువుకున్నదే, ఆమెను నేనేమీ అనను.

రాత పరీక్షలు రెండూ మా పిల్ల పాసయింది. మిగిలింది చివరిది. జపాన్‌లో ఒక ముసలివాళ్ళ ఆశ్రమం చూసుకునే పెద్దావిడ స్వయంగా వచ్చి, పన్నెండు మందిని చూసి, నలుగురిని ఏరుకుని పోతుందట. మళ్ళీ ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో తెలియదని సార్ చెప్పాడు. ఆమె పండగల గురించి అడుగుతుందట, ఎందుకంటే ఆశ్రమంలో ముసలివాళ్ళకు నెలకో పండగ చేస్తారు, ఆ పండగలు తెలియని పిల్ల వాళ్ళతో ఏం మాట్లాడుతుంది?

అందుకని పిల్ల నా దుకాణం గోడ మీద, జాకెట్ మెడల డిజైన్ల పక్కన, జపాన్ పండగల కాగితాలు అతికించింది. దవాఖానకు పోయేముందు, వచ్చినాక వాటిని చూసి చదువుకునేది. నేను మిషన్ తొక్కుతూ వినేదాన్ని. విని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

చలికాలం చివర ఒకరికి దయ్యం ముసుగు తొడిగి, మిగిలినవాళ్ళు వేయించిన సోయా గింజలతో కొడతారట. దయ్యం బయటికి, అదృష్టం లోపలికి అని అరుస్తారట. తరవాత ఎవరి వయసెంతో అన్ని గింజలు లెక్కపెట్టుకుని తింటారట. కొన్ని ఊళ్ళలో సోయా బదులు పల్లీకాయలు విసురుతారట.

"పల్లీలు విసిరి పారేస్తరా? మన రైతును ఒక్కణ్ణి తోలిచ్చి ఆ ఊరోళ్ళను కొట్టియ్యాలె," అన్నాను.

పిల్ల నవ్వి తరవాత కాగితం చదివింది. ఎండాకాలం రాకముందు ఆడపిల్లల పండగ. మెట్ల మీద ఎర్ర గుడ్డ పరిచి రాజు బొమ్మ, రాణి బొమ్మ పెడతారు. పండగ అయిపోగానే బొమ్మల్ని సర్దెయ్యాలి, ఆలస్యం చేస్తే ఆ ఇంటి పిల్లకు పెళ్ళి ఆలస్యమవుతుందట. దీనికి నేనన్న మాట ఇక్కడ రాయను. తరవాత మగపిల్లల పండగ, ఇంటి మీద గుడ్డ చేపలు ఎగరేయడం. తరవాత నక్షత్రాల పండగ, వెదురు కొమ్మలకు కోరికలు రాసిన చీటీలు కట్టడం. వానల తరవాత పెద్దల పండగ. చచ్చిపోయినవాళ్ళు మూడు రోజులు ఇంటికి వస్తారు. రావడానికి పొడుగు కీరదోసకాయకు పుల్లల కాళ్ళు గుచ్చి గుర్రం చేస్తారు, తొందరగా రావాలని. పోవడానికి వంకాయకు కాళ్ళు గుచ్చి ఎద్దును చేస్తారు, నిదానంగా పోవాలని.

"మన మట్టి ఎడ్ల అమాస లెక్కనే ఉంది గదా పెద్దమ్మా," అంది పిల్ల.

"మన ఎడ్లతోని పోల్చకు. మనోళ్ళు మట్టితోని ఎద్దును చేసి చేన్ల పెడ్తరు. వీళ్ళు కూరగాయలు పెట్టి ముసలోళ్ళను మోసం చేస్తుండ్రు. వంకాయ మీద కూసోని మీ అమ్మమ్మ యాడికి పోతది?"

ఆ మాటకు పిల్ల నవ్వలేదు. కాగితం వంకే చూస్తూ, "నిదానంగ పోతది," అంది. నేను మిషన్ తొక్కాను.

అంగీల పని నాకు ఇట్లా వచ్చింది. పిల్లలందరూ జపాన్ అంగీలు తొడుక్కుని పండగలు చేసి చూపిస్తే ఆవిడ మురిసిపోతుందని సార్ ఆలోచన. కుట్టేవాళ్ళు ఎవరున్నారంటే మా పిల్ల నా పేరు చెప్పింది. ఆయన నూలు గుడ్డ, గద్వాల చీర అంచులాగా అచ్చు వేసిన పట్టీ పంపించాడు. గద్వాలలో నేతగాళ్ళు ఇన్ని మగ్గాలు పెట్టుకుని ఉండగా అచ్చు అంచు. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. అయినా పిల్ల పని, మాట పడకూడదని కత్తెర పట్టుకున్నాను.

ఆ అంగీ వేసవిలో వేసుకునేదట. చూస్తే పెద్దగా ఏమీ లేదు. ముందంతా తెరిచి ఉంటుంది, రెండు పక్కల్నీ ఒకదాని మీద ఒకటి వేసి నడుముకు పట్టీ కట్టుకోవాలి. మన నైటీకి గుండీలు తెంపేస్తే అదే. సార్ ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. అందులో అమ్మాయి ఎడమపక్కను పైకి వేసుకుని ఉంది.

నాకు తెలిసిన విద్య ఏమిటంటే, మగవాళ్ళ చొక్కాకు ఎడమపక్క పైకి వస్తుంది, ఆడవాళ్ళ చొక్కాకు కుడిపక్క పైకి వస్తుంది. జాకెట్ హుక్కుల పట్టీ కూడా కుడిపక్కనే. ఇది నేర్చుకున్న మొదటి వారంలో మా గురువమ్మ స్కేలుతో నా వేళ్ళ మీద కొట్టి నేర్పింది. ఫోటోలో తిరగబడి ఉందంటే నాకు వెంటనే అర్థమైంది. ఫోన్‌లో తమను తాము తీసుకున్న ఫోటోలు తిరగబడతాయి కదా. మా దుకాణం ముందు పిల్లలు ఫోటో దిగితే బోర్డు మీది అక్షరాలు కూడా ఉల్టా వస్తాయి. ఇదీ అదే. సార్‌కు ఏం తెలుసు, గోడ మీద ఉరికే మనిషి బొమ్మ పెట్టుకున్నవాడు.

కుడిపక్క పైకి వచ్చేట్టు కత్తిరించాను. అంతటితో ఊరుకోలేదు. ఈ పిల్లలు గంటసేపు ఎగిరితే అంగీ విచ్చుకుంటుందని, లోపల తాళ్ళు పెట్టాను, కుడిదాన్ని పైకి లాగి కట్టుకోవడానికి మాత్రమే వీలుగా. లోపలికి పోయే ఎడమపక్కకు గుడ్డెందుకు దండగ అని అది సగం వెడల్పే పెట్టాను. అంచు కుడిపక్కకు ఒక్కదానికే వేశాను, కనిపించని దానికి అంచు ఎందుకు? ఒకసారి కుట్టాక ఆ అంగీని ఇంకో రకంగా వేసుకోవడం దేవుడి వల్ల కూడా కాదు. అంత పక్కాగా కుట్టాను.

మొదటిది పూర్తికాగానే పిల్లకు తొడిగి చూశాను. అద్దంలో చూసుకుంది. తాళ్ళు చూసింది, పక్కలు చూసింది.

"పెద్దమ్మా, ఎడమది పైకి రావాలె గదా."

"ఫోటో ఉల్టా ఉందే. ఆడోళ్ళ బట్టకు కుడిది పైకుంటది."

"కాదు పెద్దమ్మా, వాళ్ళకు ఆడోళ్ళకైనా మగోళ్ళకైనా ఎడమదే పైకి. గిట్ల వేసుకుంటే అక్కడ..."

"నాకు నేర్పుతవా? ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. నువ్వు పుట్టకముందు సంది కుడుతున్న. రెండు ముక్కలు జపాన్ మాటలు రాంగనే కుట్టుడు గూడ వచ్చిందా నీకు?"

కత్తెర తీసి ఆమె ముందు పెట్టాను.

"నువ్వే కుట్టుకో మరి."

"సరే పెద్దమ్మా," అంది పిల్ల. కత్తెరను మళ్ళీ నా పక్కకు జరిపి, అంగీ విప్పి మడత పెట్టింది. ఆ తరవాత పదకొండు అంగీలు కుట్టాను. పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆమె దవాఖాన నుంచి వచ్చి పక్కన కూర్చుని దారాలు తెంపింది, ఇస్త్రీ చేసింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మా పిల్ల అణకువ చూసి నాలో నేను పొంగిపోయాను.

ఆదివారం రానే వచ్చింది. సార్ హాలును ముస్తాబు చేసిన తీరు చూడాల్సిందే. బల్మూర్ వైపు నుంచి తెప్పించిన పచ్చి వెదురు ఒక మూల. దానికి వేలాడుతున్న పన్నెండు చీటీల మీద పన్నెండు మంది కోరికలు. చూస్తే అన్నిటి మీదా ఒకే గీతలు. సార్ బోర్డు మీద రాస్తే అందరూ ఎక్కించుకున్నారట. పన్నెండు మందికి ఒకటే కోరిక ఉండటం నక్షత్రాలకు కూడా వింతగా ఉండి ఉంటుంది. ఇంకో మూల పెద్దల పండగ బల్ల. వంకాయ ఎద్దు బాగానే వచ్చింది. గుర్రానికి దోసకాయ తెమ్మంటే ఎవరో పప్పులో వేసుకునే గుండ్రటి పసుపుపచ్చ దోసకాయ తెచ్చారు. నాలుగు చీపురుపుల్లలు గుచ్చితే అది గుర్రం కాలేదు, బలిసిన పంది అయింది. దాని మీద ఎక్కి ఏ పెద్దమనిషీ ఏ లోకం నుంచీ రాడు. చేపలు నేనే కుట్టాను, మిగిలిన లైనింగ్ గుడ్డలతో. గాలి లేదు కాబట్టి ఫ్యాను కింద కట్టారు.

దయ్యం వేషం వాచ్‌మన్‌కు వేశారు. సోయా దొరక్క పుట్నాలు విసిరారు. పిల్లలు మొహమాటానికి తలా నాలుగు విసిరితే, సార్ మాత్రం చెయ్యెత్తి, బలంగా, ఎందుకో పాత కక్ష ఉన్నట్టు కొట్టాడు. తరవాత ఆ పుట్నాలను ఊడ్చింది కూడా ఆ దయ్యమే.

జపాన్ నుంచి వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, బూడిదరంగు కోటులో, ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన యువకుడు. అన్నిటికన్నా ముందు పన్నెండు మంది పిల్లలు అంగీలు తొడుక్కుని వరసగా వచ్చి నిలబడి వంగారు. ఆవిడ లేచి నిలబడింది. చెయ్యి నోటి దాకా పోయి ఆగింది. తరవాత చాలాసేపు, మామూలు కన్నా చాలాసేపు, తల వంచి ఉండిపోయింది.

చూశావా, నా కుట్టు చూసి ఎంత కదిలిపోయిందో, అనుకున్నాను. పక్క కుర్చీలో కూర్చున్న ఎవరి తల్లినో మోచేత్తో పొడిచి "అన్నీ నేనే కుట్టిన" అని చెప్పుకున్నాను.

గంటన్నర సేపు ఆవిడ సమోసా ముట్టలేదు, నీళ్ళు తాగింది. అంతా అయ్యాక పిల్లల దగ్గరికి వచ్చింది. మొదటి పిల్ల అంగీ అంచు పట్టుకుని, తిప్పి, లోపలి కుట్టు చూసి, వేలితో రాసింది. బాగుందన్నట్టు తలూపింది. నా వీపు ఇంకొంచెం నిటారైంది. తరవాత ఆమె నెమ్మదిగా మాట్లాడింది. యువకుడు తెలుగులో చెప్పాడు.

"కుట్టు చాలా శ్రద్ధగా ఉందంటున్నారు. అయితే వాళ్ళ దగ్గర కుడిపక్క పైకి వేసేది ఒక్క సందర్భంలోనేనట. చనిపోయినవాళ్ళకు స్నానం చేయించి తొడిగేటప్పుడు."

నా కళ్ళ ముందు పన్నెండు మంది పిల్లలు, పన్నెండు శవాలు, అంచులన్నీ ఒకేవైపు, ఒక్క కుట్టు కూడా వంకర లేకుండా. మన దగ్గర కూడా శవం చుట్టూ తిరిగేది ఎడమవైపే కదా. ఉల్టా అనేది దేనికో నాకు తెలియనిదా? తల కొట్టేసినట్టయింది. సార్ అప్పటికే నా వైపు వేలు చూపించి "టైలర్ చేసిన తప్పు మేడమ్, నేనైతే సరైన ఫోటోనే పంపిన" అంటున్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నాకు ఇంకా మండింది.

ఆవిడ సార్ వైపు చూడలేదు. పిల్లల్ని అడిగింది. యువకుడు చెప్పాడు, "మీలో ఎవరికైనా ఈ సంగతి ముందే తెలుసా అని అడుగుతున్నారు."

పదకొండు మంది తలలు దించుకున్నారు. మా పిల్ల చెయ్యెత్తింది, సగమే. ఆవిడ జపాన్ భాషలోనే అడిగింది, మా పిల్ల జపాన్ భాషలోనే చెప్పింది. ఎంత చక్కగా చెప్పిందో, ఎక్కడా తడబడలేదు. ఆమె అంత ధారాళంగా మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"తెలుసట," అన్నాడు యువకుడు. "కుట్టిన పెద్దావిడకు ఒకసారి చెప్పిందట. ఆమె కోప్పడితే మళ్ళీ చెప్పలేదట."

నిటారుగా పెట్టుకున్న మెడ కిందికి దించుకున్నాను.

ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది. అది కోపంగా అడగలేదు, సాధారణంగానే అడిగింది, యువకుడు తెలుగు చేశాడు. "మీ పై నర్సు ఒక ముసలాయనకు తప్పు మందు ఇవ్వబోతున్నది. మీరు చూశారు. ఏం చేస్తారు?"

చెప్తానంది మా పిల్ల.

"ఆమె కోప్పడితే?"

అప్పుడు పిల్ల నా వైపు చూసింది. కావాలని చూడలేదు, అలవాటుగా చూసింది, నా దగ్గరికి వచ్చిన కొత్తలో కూడా ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు నా మొహం చూసేది. నేను తలూపాలని కూడా నాకు తోచలేదు. నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఆవిడ నా వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసింది.

"మళ్ళీ చెప్తాను," అంది పిల్ల చివరికి. అనడానికి చాలాసేపు పట్టింది.

తిరుగు బస్సులో ఇద్దరం పెబ్బేరు దాకా వచ్చాం. అక్కడ బస్సు ఆగింది. ముందురోజు సంతలో అమ్ముడుపోని ఎడ్లను డీసీఎం లారీలోకి ఎక్కిస్తున్నారు, ఒక ఎద్దు ఎక్కనని మొరాయిస్తోంది. పిల్ల కిటికీలోంచి దాన్నే చూస్తోంది. అంగీల మూట నా ఒళ్ళో ఉంది. నువ్వే సరిచేసి పంపు, వచ్చే బ్యాచ్‌కు పనికొస్తాయని సార్ నా మీదకు విసిరినంత పని చేశాడు.

"గట్టిగ చెప్పొద్దా నాకు?" అన్నాను. అప్పుడు కూడా గొంతులో తిట్టే ఉంది. సిగ్గులేని గొంతు.

"చెప్పిన గదా పెద్దమ్మా," అంది కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా.

వారానికి నలుగురి పేర్లు వచ్చాయి. మా పిల్ల పేరు లేదు. మార్కుల్లో అందరికన్నా ముందున్నది ఆమేనని సార్ ఫోన్ చేసి చెప్పాడు. మరి ఎందుకు కాలేదంటే, ఆవిడ ప్రతి పిల్ల పేరు పక్కన ఒక వాక్యం రాసి పోయిందట. మా పిల్ల పేరు పక్కన రాసింది ఆ యువకుడు తెలుగు చేసి పంపాడట. పెద్దవాళ్ళ ముందు నోరు మెదపదు, అని.

సాయంత్రం ఆత్మకూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"గిది మంచి మాటనే గదా అక్కా," అంది చెల్లెలు. దానికి నిజంగానే అర్థం కాలేదు. "సంబంధాలకొచ్చెటోళ్ళు గిదే గదా అడుగుతరు. పెద్దోళ్ళ ముందల నోరు మెదపని పిల్ల గావాలె అంటరు. మరి ఎందుకు వద్దన్నరు?"

నేనూ ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను, మా పిల్లకు నోట్లో నాలుక లేదు అని, అదేదో నేను దగ్గరుండి కుట్టించిన పనితనమైనట్టు. నిజానికి అంతే. ముప్పై ఏళ్ళు కత్తెర ముందు పెట్టి అందరి నోళ్ళూ మూయించాను, వాళ్ళెవరికీ పోయిందేమీ లేదు, ఇంకో దుకాణానికి పోయారు. పోవడానికి ఇంకో ఇల్లు లేని పిల్ల ఒక్కతే నా పాఠమంతా నేర్చుకుంది. కూర మాడుతోందని చెల్లెలికి చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద కూర లేదు.

పిల్ల మళ్ళీ దవాఖానకు పోతోంది. ఆదివారాలు ఇంట్లోనే ఉంటోంది. గోడ మీద కాగితాలు అట్లాగే ఉన్నాయి, తీసెయ్యమని నేను అనలేదు, ఆమె తియ్యలేదు.

పోయిన ఆదివారం పన్నెండు అంగీలూ ముందేసుకున్నాను. తాళ్ళు ఊడదీసి, కుడిపక్క అంచు విప్పి, సగం వెడల్పున్న ఎడమపక్కకు గుడ్డ అతికించి, దానికి అంచు వేసి, పైకి వచ్చేట్టు చెయ్యాలి. కొత్తవి కుట్టడం నయం. పిల్ల పక్కన కూర్చుని నేను ఇచ్చినవి ఇస్త్రీ చేసి, మడత పెట్టి, దొంతర పేరుస్తోంది. ఆరు అయ్యాయి. ఏడోదాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. విప్పిన అంచును మళ్ళీ కుడిపక్కకే కుట్టాను, కావాలనే. తాళ్ళు కూడా పాత చోటే పెట్టాను. శవానికి తొడిగే అంగీని చక్కగా తయారుచేసి ఆమె చేతికిచ్చాను. ఇచ్చి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. చెప్పవే, అనుకున్నాను. ఒక్కసారి నా మొహాన కొట్టి చెప్పు, ఈసారి కత్తెర తియ్యను.

పిల్ల అంగీని బల్ల మీద పరిచింది. ఇస్త్రీపెట్టె అంచు దాకా వచ్చి ఆగింది. తాళ్ళ వైపు చూసింది. ఒకసారి నా మొహం చూసింది. నేను సూది బెజ్జంలోకి చూస్తూనే ఉన్నాను.

ఇస్త్రీపెట్టె మళ్ళీ కదిలింది. అంచు మీద, తాళ్ళ మీద, మెడ మీద ముడత లేకుండా తోసి, మడత పెట్టి, ముందు అయిపోయిన ఆరింటి మీద పెట్టింది.

"మంచిగొచ్చింది పెద్దమ్మా," అంది.